ఫ్యాక్టరీ తరలిపోతుంది సరే, నేల సంగతేమిటి?

తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి బహిరంగ లేఖ

విషయం: పారిశ్రామిక భూముల మార్పిడి రుసుములో కొంత భాగంతో కలుషిత భూముల శుద్ధి నిధి ఏర్పాటు చేయడం గురించి



హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానాన్ని మీ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. ‘హిల్ట్’ అన్న పొట్టిపేరుతో అది ఊరందరికీ తెలిసిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్లకూ, దుకాణాలకూ, ఆఫీసులకూ మార్చుకోవచ్చు. ముందున్న రోడ్డు వెడల్పును బట్టి సబ్ రిజిస్ట్రార్ విలువలో 30 శాతమో, 50 శాతమో రుసుము కట్టాలి. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, కాటేదాన్, పటాన్‌చెరు వంటి వాడలన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. అప్పటి నుంచి శాసనసభలోనూ టీవీల్లోనూ నడుస్తున్న వాదోపవాదాలన్నీ ధర చుట్టూనే తిరుగుతున్నాయి. రుసుము తక్కువని ప్రతిపక్షం అంటోంది, పనికిరాకుండా పడి ఉన్న భూమి పనిలోకి వస్తుందని ప్రభుత్వం అంటోంది. ఆ చర్చ అవసరమే, అది సాగాలి కూడా. కానీ అరవై ఏళ్లుగా రసాయనాలు దిగిన నేల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఈ లేఖలో అడుగుతున్నది ఒకటే. ఆ రుసుములో ఒక వాటాను చట్టబద్ధంగా వేరుచేసి, కలుషితమైన నేలనూ నీళ్లనూ ముందుగా ప్రజాధనంతో శుభ్రం చేయించండి, కలుషితం చేసినవాళ్ల దగ్గర ఆ ఖర్చు తర్వాత వడ్డీతో సహా రాబట్టండి. ఇదెందుకు న్యాయమో, ఎందుకు సాధ్యమో చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

ముందుగా ఒక స్పష్టత. తొమ్మిది వేల ఎకరాలూ విషమయమని ఎవరూ అనడం లేదు. లేతు మిషన్లు తిరిగిన షెడ్డు, బిస్కెట్లు తయారైన షెడ్డు, బల్క్ డ్రగ్ తయారైన రియాక్టర్ల ఆవరణ మూడూ ఒకటి కావు. ఎలక్ట్రోప్లేటింగ్ చేసిన చోట క్రోమియం, నికెల్ వెతకాలి. పాత బ్యాటరీలు కరిగించిన చోట సీసం వెతకాలి. మందుల ముడిసరుకు తయారైన చోట ద్రావకాలూ, వాటితో పాటు ప్లాంటు వెనక గుంటల్లో ఎండబెట్టిన బురదా వెతకాలి. ఏ ప్లాట్లో ఏం తయారైందో ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. ప్రతి యూనిట్‌కూ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాల్లో ముడిసరుకు, ఉత్పత్తి, వ్యర్థం అన్నీ రాసే ఉంటాయి. ఆ ఫైళ్లు బయటికి తీస్తే ఎక్కడ తవ్వి చూడాలో, ఎక్కడ అక్కర్లేదో సగం తేలిపోతుంది. కాబట్టి ఈ పని మొదలుపెట్టడానికి ముందు లక్షలాది పరీక్షలు జరగాలన్న భయం అక్కర్లేదు.

ఇక ఇప్పుడే ఎందుకన్న ప్రశ్నకు జవాబు మన నేల తీరులోనే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల పైన శిథిలమైన రాతిపొర, దాని కింద గ్రానైటు. భూగర్భజలం ఆ పైపొరలోనూ, గ్రానైటు పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. క్లోరిన్ కలిసిన ద్రావకాలు నీటికన్నా బరువు. నేలలోకి దిగితే తేలవు, నీటిని దాటుకుని కిందికి పోయి పగుళ్లలో కూర్చుంటాయి. అక్కణ్నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలో కలుస్తూ బోర్లలోకి వస్తాయి. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయినా ఆగవు. ఇప్పుడు అలాంటి చోట ముప్పై అంతస్తుల టవరు కడితే ఏమవుతుంది? కార్ల పార్కింగ్ కోసం మూడు నాలుగు సెల్లార్లు తవ్వుతారు. తవ్విన మట్టిని రాత్రిపూట టిప్పర్లు ఎత్తుకుపోయి ఏ పల్లపు లేఅవుట్‌నో, ఏ చెరువు శిఖాన్నో పూడుస్తాయి. గుంతలో ఊరిన నీళ్లను మోటార్లు పెట్టి పక్క నాలాలోకి తోడేస్తారు. అంటే ఇన్నాళ్లూ ఒక ప్రహరీగోడ లోపల ఉన్న విషం ఊరంతా పంచినట్టవుతుంది. మిగిలింది సెల్లారులో ఆవిరి రూపంలో పైకి లేస్తుంది. నేల వాడకం మారే క్షణమే కాలుష్యం కదిలే క్షణం. శుద్ధి చేయాల్సిందీ ఆ క్షణానికి ముందే.

ఇది ఊహ కాదని చెప్పడానికి పటాన్‌చెరు చాలు. 1970ల నుంచి అక్కడ, బొల్లారంలో, పాశమైలారంలో రసాయన, ఔషధ పరిశ్రమలు వరుసగా వెలిశాయి. వాటి నీళ్లు ఇసకవాగు మీదుగా నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి పారాయి. వాగు ఒడ్డున పొలాలు దెబ్బతిన్నాయి, పశువులు చచ్చాయి, బావులు రంగు మారాయి. ఊళ్లకు బయటి నుంచి మంచినీళ్లు తెప్పించాల్సి వచ్చింది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రెండు దశాబ్దాలు దాటాక ఆ కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ఈలోగా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే చోటు అది. శుద్ధి అయిందనుకున్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్ని బ్యాక్టీరియాలను చంపే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాట. రెండేళ్ల తర్వాత వచ్చిన మరో పరిశోధన చుట్టుపక్కల చెరువుల్లోనూ ఊరి బావుల్లోనూ మందుల అవశేషాలు చూపించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక సమూహాలకు మార్కులు వేస్తే, 70 దాటి ‘తీవ్ర కాలుష్య ప్రాంతం’గా తేలిన 43 చోట్లలో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి, విశాఖపట్నం మరొకటి. ఇప్పుడు మార్పిడికి సిద్ధమైన భూముల్లో ఆ పటాన్‌చెరు కూడా ఉంది.

మరి ఈ ఖర్చు ప్రజలెందుకు భరించాలి? చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు కదా. సూత్రం మంచిదే, కానీ ఇక్కడ చేసినవాడెవడో ఒకసారి నిదానంగా చూడాలి. మెదక్‌ను వెనుకబడిన జిల్లాగా ప్రకటించి, రాయితీలిచ్చి పరిశ్రమలను పిలిచింది ప్రభుత్వం. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ద్వారా పొలాలు సేకరించి ప్లాట్లు చేసి ఇచ్చిందీ ప్రభుత్వమే. మురుగునీటి శుద్ధికి ఏర్పాటు లేకముందే ఫ్యాక్టరీలు నడుపుకోనిచ్చిందీ అదే. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చేసరికి 1990లు సగానికి వచ్చాయి. అసలు హైదరాబాద్‌లో మందుల పరిశ్రమకు విత్తు వేసిన బాలానగర్ ఐడీపీఎల్ ప్రభుత్వ రంగ సంస్థ. 1970 నాటి పేటెంట్ చట్టం దన్నుతో ఆ పరిశ్రమ పెరిగి దేశమంతటికీ, ఇంకా ఎన్నో పేద దేశాలకూ చవకగా మందులు అందించింది. జ్వరానికి మాత్ర తక్కువ ధరకు దొరికిందంటే ఆ లాభం మనమందరం పంచుకున్నాం. దాని నష్టం మాత్రం ఇసకవాగు ఒడ్డు రైతు ఒక్కడే మోశాడు. ఆ మాత్ర ధరలో చేరని శుద్ధి ఖర్చు ఇప్పుడు బాకీగా మిగిలింది. కంపెనీలు తమ వాటా కట్టాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ రాయితీ ఇచ్చిన ప్రభుత్వానికీ, చవక మందు వాడిన సమాజానికీ కూడా ఆ బాకీలో వాటా ఉంది.

న్యాయం ఒక ఎత్తు, ఆచరణ ఇంకో ఎత్తు. ‘కలుషితం చేసినవాడే చెల్లించాలి’ అన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టిన తీర్పు 1996 ఫిబ్రవరిలో వచ్చింది. అది రాసిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది తెలుగువాడైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి బిచ్చ్రీ అనే ఊళ్లో హెచ్-ఆసిడ్ అనే రసాయనం తయారుచేసిన కంపెనీలు దాదాపు రెండున్నర వేల టన్నుల విషపు బురదను ఆరుబయట పోశాయి. బావుల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. కేసు 1989లో వేశారు. 1996లో బాధ్యత తేలింది. శుద్ధికి 37 కోట్ల రూపాయలకు పైగా కావాలని లెక్క తేలింది. ఆ తర్వాత కంపెనీలు ఒక దరఖాస్తు మీద ఇంకో దరఖాస్తు వేసుకుంటూ పోయాయి. 2011 జూలైలో కోర్టు విసిగిపోయి, ఆ మొత్తాన్ని ఏడాదికి 12 శాతం చక్రవడ్డీతో కట్టమని మరోసారి ఆదేశించింది. ఇరవై రెండేళ్లు! సూత్రం ఓడిపోలేదు, గెలిచింది. కానీ గెలిచేలోగా నీళ్లు ఆగలేదు, అవి వాటి దారిన పోయాయి. డబ్బు వచ్చాకే శుద్ధి అనే పద్ధతిలో ఉన్న దోషం అదే. కోర్టు వాయిదా పడితే కాలుష్యం వాయిదా పడదు.

భోపాల్ ఇంకా పెద్ద పాఠం. 1984 డిసెంబరు విషవాయు దుర్ఘటన గురించి తెలియనివారు లేరు. బాధ్యుడి పేరు ప్రపంచానికంతటికీ తెలుసు. అయినా ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మూటలుగా మిగిలిన 337 టన్నుల విషవ్యర్థం 2025 జనవరిలో గానీ అక్కణ్నుంచి కదల్లేదు. పీథంపూర్‌లో దాన్ని కాల్చి బూడిద చేసేసరికి జూన్ ముగిసింది. అందుకైన 126 కోట్ల రూపాయలు చివరికి కేంద్ర ప్రభుత్వ ఖజానా నుంచే వచ్చాయి. అంటే నలభై ఏళ్లు ఆగి కూడా ప్రజాధనమే పెట్టాం. పైగా ఆ 337 టన్నులూ నేలపైన ఉన్న సరుకు మాత్రమే, నేలలోకి ఇంకిన విషం అక్కడే ఉంది. దీనికి ఎదురుగా 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ లీకును పెట్టి చూడండి. మర్నాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమచేయమంది. ప్రమాదం కళ్లెదుట జరిగింది, యజమాని అందుబాటులో ఉన్నాడు, కంపెనీ దగ్గర సొమ్ముంది. ఈ మూడూ ఉన్నచోట సూత్రం చకచకా పనిచేస్తుంది. పారిశ్రామిక వాడల్లో ఈ మూడూ ఉండటం అరుదు. ప్లాటు మూడు చేతులు మారి ఉంటుంది. మొదటి కంపెనీ దివాలా తీసి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న అయిదు యూనిట్ల నీళ్లు కలిసి ఒకే బోరులో తేలుతుంటే ఎవరిది ఎంతో తేల్చడానికే ఏళ్లు పడుతుంది.

ఈ చిక్కు కేంద్రానికీ తెలుసు. అందుకే పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను 2025 జూలైలో తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను స్థానిక సంస్థ, జిల్లా యంత్రాంగం ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేసి, తర్వాత వివరంగా పరిశీలించాలి. బాధ్యుణ్ని గుర్తించి ఖర్చు కట్టించాలి. బాధ్యుడు దొరక్కపోయినా, కట్టలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే భరించాలి. చాలా కాలంగా కావలసిన నిబంధనలే ఇవి. కానీ పరీక్షకు గడువున్నట్టు శుద్ధి పూర్తికి గడువు లేదు. అవి వచ్చేనాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103. శుద్ధి పని మొదలైనవి ఏడు. ఈ తేడాకు ప్రధాన కారణం విజ్ఞానం లేకపోవడం కాదు, సిద్ధంగా ఉన్న సొమ్ము లేకపోవడం. 2023లో జన్ విశ్వాస్ చట్టం పర్యావరణ నేరాలకు జైలు బదులు జరిమానా పెట్టి, ఆ జరిమానాలతో పర్యావరణ నిధి అంది. గరిష్ఠ జరిమానా 15 లక్షలు. అలాంటి జరిమానాలు ఎన్ని పోగైతే ఒక పారిశ్రామిక వాడ నేల శుభ్రమవుతుందో మీ ఆర్థిక శాఖే లెక్కగట్టవచ్చు. నిబంధన ఢిల్లీ ఇచ్చింది, నిధి హైదరాబాద్ ఏర్పాటు చేసుకోవాలి.

ఇలాంటి నిధి ఎలా నడుస్తుందో, ఎలా కుంటుపడుతుందో చూపించే అనుభవం అమెరికాకు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువలో హుకర్ అనే రసాయన కంపెనీ సుమారు 20 వేల టన్నుల వ్యర్థం పూడ్చింది. పైన మట్టి కప్పి 1953లో ఆ భూమిని ఒక్క డాలరుకు స్థానిక పాఠశాలల బోర్డుకు అమ్మింది. బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వచ్చాయి. పాతికేళ్లకు సెల్లార్లలోకి రసాయనాలు ఊరాయి. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. పారిశ్రామిక భూమిని నివాస భూమిగా మార్చి, కింద ఏముందో చూడకపోవడం అంటే ఇదే. ఆ దెబ్బతో 1980లో ‘సూపర్‌ఫండ్’ చట్టం వచ్చింది. ముడి చమురు మీదా, మూల రసాయనాల మీదా చిన్న పన్ను వేసి నిధి కూడబెట్టారు. బాధ్యుడు కట్టకపోతే ప్రభుత్వం ముందు శుద్ధి చేసి తర్వాత వసూలు చేస్తుంది. బాధ్యుల్లో ఎవరు దొరికితే వాళ్ల దగ్గర మొత్తం రాబట్టే అధికారం ఉంది. చేతిలో నిధి ఉందన్న భయంతోనే చాలా కంపెనీలు తామే ముందుకొచ్చి శుద్ధి చేయించాయి. 1995 చివర ఆ పన్ను గడువు ముగిస్తే అమెరికా కాంగ్రెస్ పొడిగించలేదు. 2003 నాటికి నిధి అడుగంటింది. 1990ల చివర ఏడాదికి ఎనభైకి పైగా చోట్ల శుద్ధి నిర్మాణ పనులు పూర్తవుతుండగా అప్పటికి అది సగానికి పడింది. చివరికి 2021, 2022 చట్టాలతో పన్నును మళ్లీ తెచ్చుకున్నారు. వసూలు చేసే అధికారం ఎంత గట్టిదైనా, వెనక నిలకడైన నిధి లేకపోతే అది మొద్దుబారిపోతుందని వాళ్లు పాతికేళ్లు నష్టపోయి తెలుసుకున్నారు.

మన దగ్గర ఆ నిధికి వనరు ఎదురుగానే ఉంది. భూమార్పిడి రుసుములో అయిదో వంతు అనుకుందాం, అది రాష్ట్ర ఖజానాలో కలవకుండా శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన ‘కలుషిత భూముల శుద్ధి నిధి’లో పడాలి. ప్రతి మార్పిడి దరఖాస్తుతో పాటు ఆ ప్లాటు పారిశ్రామిక చరిత్ర, అనుమానం ఉన్నచోట మట్టి, నీటి పరీక్షల నివేదిక జతపడాలి. అనుమతుల ఫైలు చూసి పరీక్ష అవసరం లేదని తేలిన చోట నెల తిరక్కుండా దారి వదలాలి. కాలుష్యం బయటపడితే ప్రస్తుత యజమానికి రెండు దారులివ్వాలి. మండలి ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం తానే శుద్ధి చేయించుకోవచ్చు. లేదంటే ప్రభుత్వం నిధి నుంచి చేయిస్తుంది, ఆ ఖర్చు ఆ భూమి మీద మొదటి బకాయిగా నమోదవుతుంది. ప్రహరీ దాటిపోయిన కాలుష్యం, అంటే ఊరి బావులు, చెరువులు, వాగు అడుగు బురద, వీటికి యజమాని ఎవరో తేలేదాకా ఆగకుండా నిధే ఖర్చు పెట్టాలి. భవన నిర్మాణ అనుమతి, రెరా రిజిస్ట్రేషన్ రెండూ శుద్ధి ధ్రువపత్రం చూశాకే రావాలి. సెల్లారు తవ్విన మట్టి ఎక్కడికి పోయిందో బిల్లులతో సహా చూపాలి. విషపు మట్టి అయితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికే పోవాలి.

దీనికి రాగల మొదటి అభ్యంతరం బలమైనదే. ప్రభుత్వం ముందుగా డబ్బు పెడితే కాలుష్యం చేసినవాడు బతికిపోయాడని సంబరపడడా, రేపు ఇంకొకడు జంకు లేకుండా పారబోయడా? వసూలు చేసే సత్తా లేని ప్రభుత్వమైతే నిజంగా అంతే అవుతుంది. కానీ భూమార్పిడి సమయంలో ప్రభుత్వానికి ఉన్నంత పట్టు ఇంకెప్పుడూ ఉండదు. యజమానికి కావలసింది సంతకం. ఆ సంతకంతో అతని భూమి విలువ పెరుగుతుంది. పరిశ్రమ నడుస్తున్నప్పుడు నోటీసుకు స్టే తెచ్చుకున్నవాడే, ఇప్పుడు పని త్వరగా కావాలి కాబట్టి శుద్ధికి తానే ముందుకొస్తాడు. ఈ ఘడియ దాటి ప్లాటు వందలమంది ఫ్లాట్ల యజమానుల పేర్ల మీదికి మారిందంటే, తర్వాత ఎవరి మీద వసూలు చేస్తారు? కాబట్టి ముందు ఖర్చు పెట్టడమంటే బాధ్యుణ్ని వదిలేయడం కాదు. అతన్ని పట్టుకునే వీలున్న ఒకే ఒక్క సమయాన్ని వాడుకోవడం.

రెండోది ఖజానా గురించి. అప్పుల్లో ఉన్న రాష్ట్రం, జీతాలకూ పథకాలకూ చాలని సొమ్ము, ఇప్పుడీ కొత్త భారమా అంటారు. ఇక్కడ అడుగుతున్నది కొత్త పన్ను కాదు, ఉన్న బడ్జెట్‌లో కోతా కాదు. ఇంకా చేతికి రాని రాబడిలో కొంత పక్కన పెట్టమనడం. అయితే ఇలా పక్కన పెట్టిన సొమ్ముకు మన దేశంలో ఏ గతి పడుతుందో అందరికీ తెలుసు. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయలతో మొదలైన సుంకం 2016 నాటికి 400 అయింది. స్వచ్ఛ ఇంధనం, పర్యావరణం కోసమన్నారు. ఏడెనిమిదేళ్లలో సుమారు 86 వేల కోట్లు వసూలైతే, అందుకని పెట్టిన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే. పర్యావరణ పనులకు అందింది సుమారు 16 వేల కోట్లు. 2017లో జీఎస్టీ రాగానే ఆ సుంకం రాష్ట్రాల పరిహారం కింద కలిసిపోయింది. కాబట్టి జీవోతో పెట్టిన నిధి జీవోతోనే మాయమవుతుందన్న అనుమానం సహేతుకమే. చట్టం కావాలన్నది అందుకే. సొమ్ము నేరుగా ఆ ఖాతాలో పడాలి, కాగ్ ఏటా లెక్క చూడాలి, ఇతర పద్దులకు మళ్లించే వీలు చట్టంలోనే లేకుండా చేయాలి.

మూడోది రెండు వైపుల నుంచీ వస్తుంది. ప్రజాధనంతో శుభ్రం చేస్తే బిల్డర్‌కు లాభం కదా అని ఒకరంటారు. పరీక్షల ఫలితాలు బయట పెడితే ధరలు కుప్పకూలి చిన్న యజమానులు మునిగిపోతారని మరొకరు. మొదటిదానికి జవాబు, ఆ లాభంలోంచే ఈ నిధి వస్తోంది. పైగా శుద్ధి వల్ల పెరిగే విలువ ఒక్క ప్లాటుదే కాదు. అమెరికాలో శుద్ధి చేసిన పాత పారిశ్రామిక స్థలాల చుట్టుపక్కల ఇళ్ల విలువ 5 నుంచి 15 శాతం దాకా పెరిగిందని ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. ఆ పెరుగుదల రిజిస్ట్రేషన్ ఆదాయంగా ప్రభుత్వానికే కొంత తిరిగొస్తుంది. రెండోదాని విషయానికొస్తే, చిన్న యజమానికి అసలు నష్టం అనుమానం వల్లనే. ఏ ప్లాటు శుభ్రమో తెలియనప్పుడు వాడ మొత్తానికీ చెడ్డపేరు అంటుకుంటుంది. ఏ సర్వే నంబరులో ఏముందో, ఎక్కడ ఏమీ లేదో అందరికీ కనిపించేలా పెడితే, జీవితాంతం లేతు పని చేసుకున్నవాడి భూమికి శుభ్రమైనదన్న కాగితం ఉచితంగా దొరుకుతుంది. చిన్న యూనిట్ల పరీక్ష ఖర్చు నిధే పెట్టుకుంటే వాళ్లకు భారం కూడా ఉండదు.

చివరిది, ఇదంతా మనవల్ల అవుతుందా అన్న సందేహం. కాంట్రాక్టరు పైపైన మట్టి గీకి బిల్లు ఎత్తుకుంటాడన్న భయం ఉత్తది కాదు. దానికి మందు పని తీరును బట్టి కాకుండా ఫలితాన్ని బట్టి చెల్లించడం. శుద్ధికి ముందూ, తర్వాతా, రెండు వర్షాకాలాలు గడిచాకా అవే బోర్లలో నమూనాలు తీసి, కాంట్రాక్టరుతో సంబంధం లేని ప్రయోగశాల తేల్చిన అంకెలను బట్టే చివరి వాయిదా ఇవ్వాలి. ఆ సామర్థ్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. భూగర్భజలాల మీద తలపండిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, రసాయనాల గుట్టు తెలిసిన ఐఐసీటీ రెండూ ఉప్పల్, నాచారం వాడలకు దగ్గర్లోనే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన కాలుష్య నిర్వహణ ప్రాజెక్టు కాటేదాన్ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంటనూ, కడప చెత్త దిబ్బనూ ప్రయోగాత్మక శుద్ధికి ఎంచుకుంది. అంటే ఈ మాట మన అధికారులకు కొత్తది కాదు. ఇక ప్రతి గజమూ పూర్తిగా శుభ్రం కాదన్నది కూడా నిజమే. గ్రానైటు పగుళ్లలోకి దిగినదాన్ని పూర్తిగా తోడటం కొన్నిచోట్ల ఎవరివల్లా కాదు. అలాంటి చోట నిజాయితీగా ఇళ్లు వద్దనాలి. పైన నీరింకని పొర కప్పి గోదాములకో, సౌరఫలకాలకో వదిలి, చుట్టూ పరిశీలన బోర్లు వేసి కనిపెట్టి ఉండాలి. బడి కట్టే నేలకు ఒక ప్రమాణం, గోదాముకు ఇంకో ప్రమాణం ఉండటంలో తప్పులేదు. ఏ ప్రమాణమూ లేకపోవడమే తప్పు.

ఇందులో మీ ప్రభుత్వానికి ఇంకో ప్రయోజనం ఉంది. నగరం లోపలి ఫ్యాక్టరీలు బయటికి పోవాలంటే బయట ఎక్కడో ఒకచోట వాటికి భూమి కావాలి. ఆ భూమి ఇవ్వాల్సిన రైతు పటాన్‌చెరును చూసే ఉన్నాడు. ముచ్చర్లలో ఫార్మా సిటీ మీద ఏళ్ల తరబడి సాగిన నిరసన, 2024లో లగచర్లలో రేగిన ఆగ్రహం, ఆ తర్వాత ఫార్మా ప్రతిపాదనను మీరు వెనక్కి తీసుకోవాల్సి రావడం, ఇవన్నీ పరిహారం చాలకే జరిగాయనుకుంటే పొరపాటు. రేపు మా వాగు కూడా నక్కవాగు అవుతుందేమోనన్న భయం వాటి వెనక ఉంది. ఎన్ని హామీ పత్రాలు ఇచ్చినా ఆ భయం పోదు. పాత గాయం మాన్పి చూపిస్తే పోవచ్చు. కొత్తగా వెళ్లే ప్రతి రసాయన యూనిట్ దగ్గరా మొదటి రోజే శుద్ధి డిపాజిట్ తీసుకుని ఇదే నిధిలో ఉంచితే, ఇరవై ఏళ్ల తర్వాత మరో ముఖ్యమంత్రికి ఇలాంటి ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.

ముఖ్యమంత్రి గారూ, మార్పిడి దరఖాస్తులు వచ్చిపడుతున్న కొద్దీ ఈ పనికి ఉన్న వ్యవధి తగ్గుతుంది. అందుకే నాలుగు విన్నపాలు. శుద్ధి నిధి బిల్లును వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ప్రవేశపెట్టండి. అది చట్టమయ్యేదాకా, రసాయన, ఔషధ, ఎలక్ట్రోప్లేటింగ్, సీసం యూనిట్లు నడిచిన ప్లాట్లకు పరీక్ష లేకుండా మార్పిడి ఇవ్వకుండా ఒక్క ఉత్తర్వు జారీ చేయండి. ఈ వాడల్లోని అన్ని యూనిట్ల పాత అనుమతి పత్రాలనూ, మండలి దగ్గరున్న నీటి పరీక్షల ఫలితాలనూ సర్వే నంబర్ల వారీగా ప్రజల ముందు పెట్టండి. నిధిలో పడే మొదటి కోట్లను ఏ టవరు కిందో కాకుండా ఇసకవాగు, నక్కవాగు వెంట ఊళ్ల బావులూ చెరువుల శుద్ధికి కేటాయించండి, ఎందుకంటే అందరికన్నా ముందు నష్టపోయిందీ, అందరికన్నా ఎక్కువ కాలం ఎదురుచూసిందీ వాళ్లే. ఈ నాలుగింటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, కొత్త పన్ను అక్కర్లేదు. మీ మంత్రివర్గ నిర్ణయమూ, సభ ఆమోదమూ చాలు.

భవదీయ,
తెలంగాణ పౌరసమాజం నుంచి ఒకరు